సిగ్గరి పిలగాని ఎండాకాలం సినిమా: నల్లగొండ, పాలమూరు వైపు తీసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పదో తరగతి పరీక్షలు రాసిన ఒక బిడియస్తుడు, సెలవులు, అమ్మమ్మ ఊరు, కొంచెం నవ్వు, కొంచెం గొంతు పట్టేయడం. ఇట్లాంటి కథ రాసుకొని నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు తీయాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. ఇరవై ఐదు మంది యూనిట్, ఒక కెమెరా, పేరున్న నటులెవరూ లేని సినిమాను దృష్టిలో పెట్టుకొని జవాబులు రాశాం. ఈ రకం సినిమాకు షెడ్యూలు వేసేదీ కథను నడిపేదీ ఎండే. ఆ సంగతి పట్టించుకోని స్క్రిప్టులు మే మూడో వారంలో ఆగిపోతాయి.

కథ అంటూ పెద్దగా లేదు. సెలవులొచ్చినయ్, అయిపోయినయ్. గంటన్నర నిలబడుతుందా?

సెలవులకు ఒక ఆఖరి తేదీ కనబడుతుంటే నిలబడుతుంది. తెలంగాణలో బడులు ఏప్రిల్ చివరి వారంలో మూస్తే జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. పదో తరగతి వాళ్లకు పరీక్షలు అయిపోయిన రోజు నుంచే సెలవు. ఆ మధ్యలో మీకు మూడు గడువులు ఊరికే దొరుకుతాయి. ఒకటి ఫలితాలు. రెండోది ఇంటర్ గొడవ: ఎంపీసీయా బైపీసీయా, దగ్గరి కాలేజీయా హైదరాబాద్ హాస్టలా, ఫీజు ఎవరు కడతారు. మూడోది మిరుగు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది, ఇంటింటా చేపల కూర ఉడుకుతుంది, ఆకాశం మారుతుంది. ప్రతి సీను పైన కథలోని తేదీ రాసుకోండి. తేదీ రాయలేని సీను ఉంటే అది బహుశా అక్కర్లేని సీను.

పేజీకి ఒక నిమిషం లెక్కన 95 నుంచి 105 పేజీలు చాలు. 130 దాటిందంటే పెళ్లి సీను రెండుసార్లు రాసి ఉంటారు, చూసుకోండి.

మా పిలగాడు సరిగ్గ మాట్లాడనే మాట్లాడడు. చూసేటోళ్లకు బోరు కొట్టదా?

సిగ్గరి అంటే ఏమీ చేయనివాడు అని రాసుకుంటే తప్పకుండా కొడుతుంది. నిజానికి బిడియస్తునికి రోజంతా తీరిక ఉండదు. తప్పించుకోవడం పెద్ద పని. చుట్టాలు గడప తొక్కగానే మోటరు బంద్ చేసొస్తానని పెరటి దారిన పోతాడు. దుకాణంలో చిల్లర పది రూపాయలు తక్కువిస్తే అడగలేక, అమ్మమ్మకు లెక్క చెప్పడానికి సొంత పైసలు కలుపుతాడు. ఫోన్ మోగుతుంటే ఆగేదాకా దాన్నే చూసి, ఆగినాక "చూసుకోలేదు" అని మెసేజ్ పెడతాడు. ఇవన్నీ కెమెరాకు కనబడే పనులే, ఒక్కదానికీ డైలాగు అక్కర్లేదు.

ఇట్లాంటివి పన్నెండు రాసుకొని, వాడికి పడే నష్టాన్ని బట్టి వరుస పెట్టండి. మొదటిది పది రూపాయలతో పోతుంది. ఆరోది వచ్చేసరికి ఇంకెవరి మీదనో నింద పడుతుంది, వీడికి నిజం తెలిసినా నోరు పెగలదు. పదోదానికి ఉన్న ఒక్క దోస్తు దూరమవుతాడు. ఇంటర్వెల్ ఎక్కడ పెట్టాలో ఆ వరుసే చెబుతుంది.

ఆ తర్వాత వాడికి ఒక కొలువు ఇవ్వండి. ఇంట్లో కూర్చున్న సిగ్గరితో గంటన్నర నడపడం కష్టం. నలుగురితో మాట్లాడక తప్పని పని కావాలి. టెంట్ హౌస్ మంచిది: పెళ్లి, చావు, పుట్టువెంట్రుకలు అన్నీ దాని మీదుగానే పోతాయి, కుర్చీలు లెక్కపెట్టి తక్కువైతే అడగాలి, పైగా సినిమాకు కావలసిన సామాను అదే దుకాణంలో దొరుకుతుంది. ఇంకా మంచిది యాసంగి వడ్ల కొనుగోలు కేంద్రం. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు ఏప్రిల్, మే నెలల్లో ఏ ఊరికి పోయినా వడ్ల కుప్పలే. అక్కడ తేమ మిషన్ ఉంటుంది. 17 శాతం దాటితే తూకం వేయరు, మళ్లీ ఆరబోయాలి. మేనమామకు సాయంగా చిట్టీలు రాయడానికి వచ్చిన పిలగాడు ఆ అంకె గట్టిగా చదవాల్సి వస్తుంది. పొద్దటి నుంచి ఎండలో నిలబడిన మనిషి ముఖం ముందు "పద్దెనిమిది పాయింట్ రెండు" అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి? మబ్బు పట్టి ఉంటే ఇంకెంత కావాలి? మీ సినిమాకు గుండెకాయ లాంటి సీను అక్కడ దొరకవచ్చు.

మనసులో మాటలను వాయిస్ ఓవర్‌లో చెప్పించడం గురించి కూడా అడుగుతుంటారు. మొదటి రెండు నిమిషాల్లో తప్ప వద్దు. నోరు విప్పలేని పిలగాడు మనతో మాత్రం గలగలా మాట్లాడితే, చూసేవాళ్లకు వాడి మౌనం మీద నమ్మకం పోతుంది.

నవ్వు ఎక్కడి నుంచి రావాలి?

చుట్టాల నుంచి. పిలగాని నత్తి మీద, లావు మీద, నలుపు మీద నవ్వు పుట్టించే సీన్లు కొట్టేయండి. అవి పాతబడ్డాయి, పైగా ఆ నవ్వుతో చూసేవాడు పిలగాని ఎదుటి పక్షంలో చేరిపోతాడు. వాడి చుట్టూ ఉన్నవాళ్ల ఆత్మవిశ్వాసం ఎక్కువైతే దానంతట అదే కామెడీ. పెళ్లి బంతిలో "ఎన్ని మార్కులొస్తయి బిడ్డా" అని అడిగి జవాబు వినకుండా తన కొడుకు ర్యాంకు చెప్పే పెద్దబాపు. ప్రతిదానికీ "నేను మాట్లాడుతా తియ్" అని ముందుకొచ్చి పని చెడగొట్టే బావ. పిలగాడు ఏమీ అనడు, కానీ బావ చెయ్యి పైకి లేవగానే పెరుగు గిన్నె పక్కకు జరుపుతాడు, ఎందుకంటే ఆ చెయ్యి ఎటు పోతుందో వాడికి ముందే తెలుసు. ఎక్కువ మాట్లాడనివాడు ఎక్కువ చూస్తాడు కదా. ఆ చూపును వాడుకోండి.

కట్ వేసేటప్పుడు ఒక చిన్న సంగతి: జోకు వేసినవాడి మీద కట్ ముగించకండి, విన్న పిలగాని ముఖం మీద ఒక సెకను ఆగండి.

యాస ఎంత పెట్టాలి? మొత్తం ఒకే తీరుగా ఉండాలా?

ఉండకూడదు, ఎందుకంటే నేల మీద లేదు. నల్లగొండ, దేవరకొండ వైపు మాట ఒక తీరు. కృష్ణకు దగ్గరగా ఉన్న మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు కోస్తా మాట కలుస్తుంది. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం వినబడుతుంది, గద్వాల, అలంపురం పోతే కర్నూలు గాలి తగులుతుంది. హైదరాబాద్‌లో కూర్చొని అన్ని పాత్రలకూ "గట్ల", "గిట్ల" చల్లితే ఆ ఊరివాళ్లే ముందు నవ్వుతారు. డైలాగు రాసినాక లొకేషన్ ఉన్న ఊళ్లోనే అరవై దాటిన ఒక ఆడమనిషికి, పదిహేనేళ్ల పిల్లవానికి చదివి వినిపించండి. ఇద్దరూ మార్చే చోట్లు వేరుగా ఉంటాయి. రెండూ నిజమే: అమ్మమ్మకు ఒకటి పెట్టుకోండి, మనవడికి ఒకటి. ఇప్పటి పిల్లలు సగం ఇంగ్లీష్ మీడియం మాట, సగం రీల్స్ మాట మాట్లాడుతున్నారు. దాన్ని సరిదిద్దకండి.

షూటింగ్ ఏ నెలలో పెట్టుకోవాలి?

కథ ఎండాకాలానిది కాబట్టి ఏప్రిల్ 20 నుంచి మే 20 లోపు ముప్పావు సినిమా ముగించాలి. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలవుతుంది. అప్పుడు 44 డిగ్రీల ఎండ ఒకవైపు, సాయంత్రం ఉన్నట్టుండి లేచే గాలిదుమారం ఇంకోవైపు. ఆ పది రోజులను ఇంటి లోపలి సీన్లకు ఉంచుకోండి. నవంబర్‌లో తీసి ఎండాకాలమని నమ్మించాలనుకునేవాళ్లు కూడా ఉన్నారు. గడ్డి రంగు, చెరువు నీళ్ల మట్టం, మనుషుల నీడలు మూడూ ఒప్పుకోవు.

కొనుగోలు కేంద్రంలో తీస్తే ఒక చిక్కుంది. పొద్దున ఉన్న కుప్ప సాయంత్రానికి లారీ ఎక్కుతుంది. ఒకే సీను రెండు రోజులు తీయాలంటే ఒక రైతుతో మాట్లాడి, ఆ కుప్పను అప్పటిదాకా కదపనందుకు పరిహారం ముందే అనుకోండి. వాన కురిస్తే టార్పాలిన్ కప్పే బాధ్యత మీదే. తడిసిన వడ్ల దగ్గర కెమెరా పట్టుకొని నిలబడితే ఊరు ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా.

షెడ్యూలు వేసేముందు పంచాంగం తీసి మే నెల పెళ్లి ముహూర్తాలు గుర్తుపెట్టుకోండి. ముహూర్తాలున్న రోజుల్లో టెంట్లు, వంట గిన్నెలు, జనరేటరు, వ్యాన్లు దొరకవు. రాత్రి బరాత్ డీజే రెండు కిలోమీటర్ల దాకా వినబడుతుంది. మూఢం ఉన్న వారం దొరికితే మాటలెక్కువున్న రాత్రి సీన్లన్నీ అందులో పడేయండి.

రోజు ఎట్లా విడగొట్టుకోవాలి?

మే నడుమ నల్లగొండలో సూర్యోదయం 5:45కు కొంచెం అటూ ఇటూ, అస్తమయం 6:40 ప్రాంతం. తెల్లవారుజామున 4:30కు లేచి 5:30కు మొదటి షాట్. 10 గంటలకు బయటి పని బంద్. 10 నుంచి 12 దాకా ఇంటి లోపల. 12 నుంచి 3:30 దాకా భోజనం, నిద్ర, డేటా కాపీ. 4 నుంచి 7 దాకా మళ్లీ బయట. ఈ లెక్కన బయటి సీన్లు రోజుకు రెండున్నర పేజీలు, లోపలివి కలిపితే నాలుగు. 100 పేజీలకు 25 నుంచి 28 రోజులు. రోజుకు ఆరు పేజీలు తీస్తామనే నిర్మాతకు మధ్యాహ్నం ఒంటిగంటకు రేకుల షెడ్డు కింద ఒక గంట కుర్చీ వేసి చూపించండి.

మధ్యాహ్నం ఎండలో ముఖాలు నల్లగా వస్తున్నాయి. ఏం చేయాలి?

ఈ ప్రాంతం 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి పది రోజుల్లో, 12:10 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువుగా పాతిన కట్టెకు నీడే పడదు. కళ్ల గుంతలు, ముక్కు కింద, గడ్డం కింద మాత్రం నల్లటి మచ్చలు పడతాయి. రిఫ్లెక్టర్‌తో కింద నుంచి కొడితే పిలగాడు కళ్లు చిట్లిస్తాడు, సిగ్గుపడే ముఖం కాస్తా కోపపు ముఖమవుతుంది. 12 అడుగుల చదరపు తెల్ల మల్లు బట్టను నాలుగు బొంగులకు కట్టి తల మీదికి తెండి. లేకుంటే వేపచెట్టు కిందికి, అరుగు మీదికి సీను జరపండి. నీడలో నిలబెట్టి వెనకాల మండే ఎండ కొంచెం తెల్లబడితే పడనివ్వండి. ఆ నెలలో కంటికి కనబడేదీ అదే.

ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/50 పెడితే ఎఫ్ 22 దాకా పోవాలి. ఎఫ్ 4 దగ్గర తీయాలంటే లెన్సు ముందు పెట్టి వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఐదు స్టాపులది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), అంటే ఎన్‌డీ 32 కావాలి. 2.8కి ఎన్‌డీ 64. ఫోన్‌కు అపర్చర్ మారదు కాబట్టి ఎన్‌డీ లేకుండా తీస్తే షట్టర్ పెరిగి నడక కూడా గిజగిజలాడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబ్‌లైట్ కింద షట్టర్ 1/50 లేదా 1/100 కాకుండా వేరేది పెడితే చారలు కనబడతాయి.

కెమెరా, ఫోన్ వేడెక్కి ఆగిపోతున్నాయి.

చాలా ఫోన్లకు చెప్పే పరిమితి 35 డిగ్రీలు, కెమెరాలకు 40. మీరు వాటిని 43లో నిలబెట్టారు. తెల్ల గొడుగు ఎప్పుడూ కెమెరా మీదే ఉండాలి, డైరెక్టర్ మీద కాదు. టేకుల మధ్య ఆఫ్ చేయండి, స్క్రీన్ తెరిచి పెట్టండి, ఛార్జింగ్ పెడుతూ రికార్డ్ చేయకండి. ఐస్ పెట్టెలో పెట్టి చల్లార్చడం మాత్రం చేయొద్దు. బయటికి తీయగానే లెన్సు లోపల నీటి పొర పడుతుంది.

డేటా లెక్క: 100 ఎంబీపీఎస్‌లో గంటకు 45 జీబీ. కొత్త నటులతో సినిమాలోని ఒక్కో నిమిషానికి పన్నెండు నిమిషాలు తీస్తారనుకుంటే 100 నిమిషాల సినిమాకు 20 గంటలు, అంటే 900 జీబీ. రెండు 2 టీబీ హార్డ్ డిస్కులు కొనండి, రెండింటినీ ఒకే బ్యాగులో పెట్టకండి. రెండు కాపీలూ తెరిచి చూడకుండా కార్డు చెరిపేయొద్దు.

సౌండ్ సంగతి? తర్వాత డబ్బింగ్ చెప్పించుకుంటే పోదా?

ఈ సినిమాకు పోదు. కారణం చిన్నదే: పదిహేనేళ్ల పిల్లవాని గొంతు విరుగుతూ ఉంటుంది. మేలో తీసి అక్టోబర్‌లో డబ్బింగ్‌కు పిలిస్తే స్టూడియోకు వేరే మనిషి వస్తాడు. ఇంకొకరితో చెప్పిస్తే సిగ్గరి మాట్లాడే ఆ కొద్ది మాటల్లోని తడబాటు, మింగుడు, సగంలో ఆగిన ఊపిరి అన్నీ పోతాయి. అందుకే లొకేషన్ సౌండే అసలు సౌండ్. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, గట్టి మాట మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేటట్టు పెట్టుకోండి. షెడ్యూలు అయిన వారంలోపే చెడిపోయిన డైలాగులు ఏవో చూసుకొని పిలగానితో మళ్లీ చెప్పించండి.

ఎండాకాలపు శత్రువులు వేరు. మొదటిది కూలర్. దాని హోరు ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ శుభ్రంగా పోదు. గదిని పది నిమిషాలు చల్లబరచి, ఆపి, నాలుగు నిమిషాలు తీసి, మళ్లీ వేయండి. ఫ్రిజ్ కూడా ఆపాలి. ఆపినవాడు తన బండి తాళాలు అందులోనే పెడితే పోయేటప్పుడు మళ్లీ వేయడం మరిచిపోడు, ఆ ఇంటివాళ్ల పాలు విరగవు. రెండోది కోయిల. మంచి వెలుతురు ఉండే 5:30 నుంచి 8 మధ్యే అది గొంతు విప్పుతుంది, కట్ కట్‌కూ దాని స్వరం మారిపోతుంది. తరమలేరు. డైలాగు మైకు మనిషికి దగ్గరగా పెట్టి, కోయిల కూతను విడిగా రెండు నిమిషాలు రికార్డ్ చేసి, సీను మొత్తం కింద పరిస్తే ఎగుడుదిగుళ్లు కనబడవు. మూడోది చెమట. కాలర్ మైకు టేపు ఒంటి మీద పావుగంట కూడా ఆగదు. చొక్కా గుండీపట్టీ లోపల బట్టకే అంటించండి. వడగాలికి బొచ్చు కవరు లేకుండా బయట మైకు తెరవొద్దు.

ప్రతి లొకేషన్‌లో అందరినీ నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ శబ్దం పట్టుకోండి. మౌనం ఎక్కువున్న సినిమాలో ఎడిటర్‌కు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది అదే.

పిలగాణ్ని ఎట్లా ఎంచుకోవాలి?

ఆడిషన్‌లో డైలాగు ఇవ్వకండి. ఒక పని చెప్పండి: పక్క గదిలో ఉన్న తెలియని మనిషి దగ్గరికి పోయి కత్తెర అడిగి తేవాలి. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు తీయండి. నిజంగా విపరీతమైన సిగ్గున్న పిల్లవాడు ఇరవై ఐదు మంది ముందు నలిగిపోతాడు, వాణ్ని తీసుకోవద్దు. బాగా కలివిడిగా ఉండి, ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు శ్రద్ధగా వినే పిల్లవాడు కావాలి. నల్లగొండ పడమటి మండలాల్లో కొందరి పండ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలు ఉంటాయి. మేకప్‌తో దాచవద్దు, దాని మీద జోకు రాయవద్దు.

పదిహేను రోజులు ముందుగా పిలిపించి, సినిమాలో చేయాల్సిన పనిని నిజంగా చేయించండి: కుర్చీలు దొంతర పెట్టడం, చిట్టీ రాయడం, తేమ మిషన్ చూడటం. చేతులకు పని తెలిస్తే ముఖం గురించి ఆలోచించడం మానేస్తాడు.

కంటిన్యుటీలో అందరూ మరిచేది రంగు. ఇరవై రోజుల ఎండకు పిలగాడు రెండు ఛాయలు కమురుతాడు. వీలైనంతవరకు కథ వరుసలోనే తీస్తే అదే మీకు లాభం: సెలవుల మొదట్లో ఇంట్లో మాగినవాడు, చివర్లో ఊళ్లో తిరిగినవాడు అని చర్మమే చెబుతుంది. మీసం, జుట్టు ప్రతి ఉదయం ఫోటో తీసి పెట్టండి.

పిల్లలతో తీయడానికి చట్టం ఏమంటుంది?

పద్నాలుగేళ్ల లోపు పిల్లలు, అంటే హీరో చెల్లెలి పాత్ర లాంటివి ఉంటే, 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, 2017 నిబంధనలు వర్తిస్తాయి. నిర్మాత జిల్లా కలెక్టర్ దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరుసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. ఐదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యుణ్ని పెట్టాలి. పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పద్నాలుగు దాటిన హీరోకు ఈ గంటల నియమం ఇట్లాగే వర్తించకపోయినా దాన్నే పాటించండి. వాడి తల్లిదండ్రులతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. సప్లిమెంటరీ పరీక్ష ఉంటే ఆ తేదీలు ఖాళీ వదలండి.

బావిలో ఈత సీను పెట్టాలని ఉంది.

అందరికీ ఉంటుంది. ముందు నీళ్లున్న బావి దొరకాలి. బోర్లు వచ్చినాక మే నెలలో చాలా బావులు ఎండి ఉంటాయి. ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు), సాగర్ ఎడమ కాల్వ, జూరాల ఆయకట్టు కింద వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. కాల్వలో మాత్రం తీయకండి. సిమెంటు గోడకు పాచి పట్టి ఉంటుంది, ప్రవాహంలో మనిషి ఒడ్డు పట్టుకోలేడు, పైన గేటు ఎప్పుడు ఎత్తుతారో కింద ఉన్నవాళ్లకు తెలియదు. ఏళ్లుగా మూతపడ్డ పాడుబావిలోకి ఎవరినీ దింపకండి, అడుగున విషవాయువు ఉంటుంది.

మెట్లున్న బావి చూసుకొని, ఛాతీ లోతు నీళ్లున్న మెట్టు మీద క్లోజ్ షాట్లన్నీ తీయండి. ఈత రానట్టు నటించాలంటే బాగా ఈత వచ్చిన పిల్లవాడే కావాలి. కథలో వీపుకు ప్లాస్టిక్ డబ్బా కట్టుకున్నా, దాని తాడు బొడ్డు ముందు ముడి వేసి ఒక్క లాగుడుకు ఊడేటట్టు ఉండాలి. ఫ్రేము బయట ఇద్దరు గజ ఈతగాళ్లు నీళ్లలోనే ఉండాలి, ఒడ్డు మీద గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబు, పొడుగు తాడు. దూకే షాట్ ముందు అడుగున రాళ్లు, మోటరు పైపులు ఉన్నాయేమో ఒకరు మునిగి చూడాలి, మోటరు ఫ్యూజు పీకేయాలి.

వెలుతురు సంగతికొస్తే, మిగతా సినిమాకు పనికిరాని నడినెత్తి ఎండ ఇక్కడే పనికొస్తుంది. లోతు బావి అడుగుకు సూర్యుడు అందేది 11:30 నుంచి 12:45 దాకా మాత్రమే. నీళ్ల మీద పడిన వెలుగు గోడల మీద ఆడుతుంది. ఆ గంట కోసం మిగతావన్నీ ముందే సిద్ధం చేసుకోండి. మాటలు మాత్రం అక్కడే, నీళ్లు నిలిచినాక, విడిగా పట్టుకోండి.

ఏ చోటికి ఎవరి అనుమతి కావాలి?

ఊరి వీధి, అరుగులు, చెరువు కట్ట అయితే గ్రామ పంచాయతీ, పోలీస్ స్టేషన్‌కు లెటర్. ప్రభుత్వ బడికి డీఈవో అనుమతి, ఆ తర్వాత హెడ్మాస్టర్ దగ్గర తాళం. బస్టాండ్, బస్సు లోపల అయితే ఆర్టీసీ రీజినల్ మేనేజర్, ఫీజు కట్టాలి. రైల్వే స్టేషన్ అనుమతి పెద్ద తతంగం, మొదటి సినిమాకు ఆ సీనును పల్లెవెలుగు బస్సులోకి మార్చుకుంటే పోయేదేం లేదు. సాగర్ డ్యామ్ మీద భద్రత గట్టిది, డ్రోన్ ఆలోచన అసలే వద్దు. నల్లమల లోపల అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, అటవీ శాఖ లేకుండా అడుగు పెట్టలేరు. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ కిందివి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పడే నీడ అందరినీ ఊరిస్తుంది, కానీ మీ కథకు అక్కర ఉందా? దేవరకొండ కోట, పిల్లలమర్రి, కోయిల్‌సాగర్ అన్నీ చూపించాలనుకుంటే టూరిజం వీడియో అవుతుంది. సిగ్గరి పిలగాని ప్రపంచం రెండు వీధులు, ఒక దుకాణం, ఒక బావి.

మేకలు, కుక్క, బీడీ, కల్లు ఉన్నాయి కథలో.

జంతువులతో నటింపజేస్తే ముందుగానే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. తీసినాక అడిగితే సెన్సార్ దగ్గర చిక్కుకుంటారు. బీడీ, సిగరెట్, గుట్కా కనబడితే సినిమా మొదట్లో, మధ్యలో 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, ఆ సీను నడుస్తున్నంతసేపు కింద హెచ్చరిక వేయాలి. తాత నోట్లో బీడీ తీసేస్తే కథకు నష్టం లేకుంటే తీసేయండి. ఈత చెట్టు, లొట్టి చూపించవచ్చు, పిలగానితో కల్లు తాగించి నవ్వించే సీను మాత్రం రాయొద్దు.

యూనిట్ ఎండదెబ్బ తినకుండా?

మనిషికి రోజుకు ఐదు లీటర్ల తాగునీళ్లు. 25 మందికి 125 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఏడు, చేతులు కడగడానికి వేరే. మజ్జిగ 11 గంటలకు ఒకసారి, 4కు ఒకసారి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు లేకుంటే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి. మధ్యాహ్నం మటన్ బిర్యానీ పెట్టే ప్రొడక్షన్ మేనేజర్‌ను ఆపండి: పప్పుచారు, పెరుగు, పుచ్చకాయ. ఎవరైనా చెమట ఆగిపోయి, ఒళ్లు కాలుతూ, మాట తడబడుతుంటే నీడలో పడుకోబెట్టి, తడిబట్టతో తుడుస్తూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

చివర్లో మిరుగు వాన కావాలి. నిజం వాన కోసం ఆగాలా?

ఆకాశం, మట్టి, జనం పరుగులు మాత్రం నిజం వానలో పట్టుకోండి. పిలగాని ముఖం ఉన్న షాట్లు వాన యంత్రంతో తీయాలి. 5,000 లీటర్ల ట్యాంకర్ చిన్న వాకిలికి సరిపోతుంది. వెలుతురు వాన వెనక నుంచి రావాలి, ముందు నుంచి కొడితే చినుకు కనబడదు. నీళ్లు ఎక్కడివన్నది మరిచిపోకండి. బిందెల వరుస ఉన్న వీధిలో ట్యాంకర్ నీళ్లు నేలపాలు చేస్తే మర్నాడు మీకు ఆ ఊళ్లో షూటింగ్ ఉండదు. వ్యవసాయ బోరు దగ్గర, రైతుకు డబ్బు కట్టి, నీళ్లు చేనులోకే పారేటట్టు తీయండి.

క్లైమాక్స్‌లో పిలగాణ్ని స్టేజీ ఎక్కించి ఉపన్యాసం ఇప్పించొద్దు. సినిమా మొదట్లో తప్పించుకున్న పన్నెండింటిలో ఒకదాన్ని ఈసారి తప్పించుకోకపోతే చాలు. దుకాణంలో "అన్నా, ఇంకో పది రావాలె" అంటే థియేటర్లో ఈల పడుతుంది, ఆ పది రూపాయలను మీరు సరిగా పేర్చి ఉంటే.

సెన్సార్, విడుదల?

సర్టిఫికెట్ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో. ఇప్పుడు యూఏ మూడు రకాలు: 7+, 13+, 16+. మీ సినిమా బూతులు అదుపులో పెడితే యూ లేదా యూఏ 7+ రావచ్చు. టైటిల్ ముందే ఫిల్మ్ ఛాంబర్‌లో రిజిస్టర్ చేయండి. థియేటర్‌కు డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ కాపీ) సెకనుకు 24 ఫ్రేములు, ఫ్లాట్ అయితే 1998×1080, ఇంకా వెడల్పుగా ఉండే స్కోప్ అయితే 2048×858. 25లో తీసి తర్వాత 24కు మార్చితే శబ్దంతో తంటా, మొదటి రోజే 24 పెట్టుకోండి.

డబ్బు పెట్టేముందు పరీక్ష చేసుకోవాలంటే?

ఏప్రిల్ మొదటి వారంలో, అదే పిలగానితో, అదే ఇంట్లో, స్క్రిప్టులోని ఒక్క సీను మూడు నిమిషాలు తీయండి. డైలాగు ఉన్నదే ఎంచుకోండి, కూలర్ ఉన్న గదిలోనే తీయండి. ఎడిట్ చేసి ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద, స్పీకర్లు పెట్టి, కథ తెలియని పది మందికి చూపించండి. మాట వినబడలేదంటే మైకు మార్చండి, ముఖం కనబడలేదంటే వేళ మార్చండి. పిలగాడే అతకలేదంటే వేరేవాణ్ని వెతకడానికి ఇంకా పదిహేను రోజులుంటాయి.